న్యాయమూర్తుల నియామకాలపై ఫిలిబస్టర్: సెనేటర్ స్పెక్టర్ గారి ఓటు ఎటు?

రామం, మాంట్‌గోమరీ కౌంటీ
మే 11, 2005, రాత్రి 9:40

మిత్రులందరికీ నమస్కారం.

నేను మూడేళ్ల కిందట పౌరసత్వం తీసుకున్నాను. నిరుడు నవంబరులో సెనేట్ ఎన్నికకు చాలాసేపు ఆలోచించి మన పెన్సిల్వేనియా రిపబ్లికన్ సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ గారికే ఓటు వేశాను. కాబట్టి ఈ ప్రశ్నను ఆయన విమర్శకుడిగా కాక ఆయన ఓటరుగా అడుగుతున్నానని ముందే మనవి చేస్తున్నాను.

అధ్యక్షుడు బుష్ మొదటి పదవీకాలంలో అప్పీళ్ల కోర్టులకు ప్రతిపాదించిన వారిలో పది మందిని డెమొక్రాట్లు ఫిలిబస్టరుతో, అంటే ఓటింగు జరగకుండా చర్చను సాగదీసి, ఆపారు. వారిలో ఏడుగురి పేర్లను ఆయన ఈ ఏడాది మళ్లీ పంపారు. చర్చ ముగించడానికి అవసరమైన 60 ఓట్లు దొరకవు కాబట్టి, న్యాయమూర్తుల విషయంలో ఆ 60 అనే మెట్టునే తొలగించాలని మెజారిటీ నాయకుడు బిల్ ఫ్రిస్ట్ సన్నాహాలు చేస్తున్నారు. రిపబ్లికన్లు 55 మంది. ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ ఓటు ఉంటుంది కనుక 50 చాలు. అంటే అయిదుగురు జారిపోయినా పని జరుగుతుంది, ఆరుగురు జారితే జరగదు. మెక్కెయిన్, చేఫీ తాము ఒప్పుకోబోమని ఇప్పటికే చెప్పేశారు. మెయిన్ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లూ అటే మొగ్గుతున్నారని వార్తలు వస్తున్నాయి. మిగిలిన కొద్దిమంది ఏమంటారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది, ఆ కొద్దిమందిలో మన సెనేటర్ ఒకరు. పైగా ఆయన జ్యుడీషియరీ కమిటీ అధ్యక్షుడు.

ఆయన మాటలు దొరికినంతవరకు చదివాను. రాజీ కుదరాలంటారు, రెండు పక్షాలదీ తప్పుందంటారు, నాయకులు సభ్యులను పార్టీ కట్టుబాటు నుంచి విడుదల చేసి వారి వారి అంతరాత్మకు వదిలేయాలంటారు. అన్నీ మంచి మాటలే. కానీ ఓటింగు రోజున ఆయన అవునంటారా, కాదంటారా అన్నది మాత్రం ఎక్కడా దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికిందా?

కృష్ణాతీరం
మే 11, 2005, రాత్రి 10:25

రామం గారూ, లేని సందేహాన్ని మీరు తెచ్చిపెట్టుకుంటున్నారేమోనని నా అనుమానం. నేను ఈ దేశానికి వచ్చిన నాటి నుంచి రిపబ్లికన్ పార్టీ అభిమానినే, ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. గత ఏప్రిల్ 21న, బుష్ మళ్లీ పంపిన ఆ ఏడుగురిలోని ప్రిసిల్లా ఓవెన్, జానిస్ రోజర్స్ బ్రౌన్ పేర్లు కమిటీలో 10-8 తేడాతో నెగ్గాయి. ఆ పదిలో స్పెక్టర్ గారి ఓటు ఉంది. బుష్ పంపిన ప్రతి పేరునూ కమిటీలోనూ సభలోనూ బలపరిచానని ఆయనే చెప్పుకున్నారు. ఇంతకన్నా స్పష్టత ఏం కావాలి?

నిరుడు నవంబరులో జరిగిందీ గుర్తు చేసుకోండి. గర్భస్రావ హక్కును తోసిపుచ్చే న్యాయమూర్తులు సెనేట్‌లో నెగ్గుకురావడం కష్టమని ఎన్నికల మర్నాడే ఒక మాట అన్నందుకు, ఆయనకు కమిటీ అధ్యక్ష పదవే దక్కకుండా చేయాలని మా పార్టీలోని సంప్రదాయవాదులు పెద్ద ఉద్యమం నడిపారు. అప్పుడు ఆయన లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి పదవి నిలబెట్టుకున్నారు. ఆ హామీలో ఫిలిబస్టర్లను ఆపడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని ఉంది. ఇచ్చిన మాట తప్పుతారని నేను అనుకోను.

న్యాయవాదిని కాను
మే 12, 2005, ఉదయం 7:05

కృష్ణాతీరం గారు ప్రస్తావించిన ఆ నవంబరు ప్రకటనను నిన్న రాత్రి మళ్లీ చదివాను. పేరులో కాదన్నా, నేను ఒక న్యాయవాదుల సంస్థలో పత్రాలు చదివే ఉద్యోగమే చేస్తున్నాను కాబట్టి, ఇలాంటి వాక్యాలను ఎలా చదవాలో కొంత అలవాటు ఉంది.

అందులో ఫిలిబస్టర్ల మీద తన వ్యతిరేకతను సభలో పదిహేడుసార్లు నమోదు చేశానన్నారు. భవిష్యత్తులో వాటిని ఆపడానికి ప్రయత్నిస్తానన్నారు. 55 మంది మెజారిటీతో ఆ అవసరమే రాకపోవచ్చునన్నారు. ఆ తర్వాతి వాక్యమే అసలైనది: నిబంధన మార్పు అవసరమైతే, 51 ఓట్లతో మార్పు సాధించిన దృష్టాంతాలు ఇటీవలివి ఉన్నాయని అన్నారు. ఉన్నాయని మాత్రమే అన్నారు. ఆ 51లో తన ఓటు ఒకటి అవుతుందని అనలేదు. "ఊరికి బస్సు ఉంది" అన్నవాడు తాను ఆ బస్సు ఎక్కుతానని చెప్పినట్టు కాదు కదా.

ఇక్కడ మూడు వేర్వేరు ఓట్లు కలగాపులగం అవుతున్నాయి. అభ్యర్థిని ఖాయం చేయాలా వద్దా అన్నది ఒక ఓటు, దానికి సాధారణ మెజారిటీ చాలు. చర్చ ముగించాలా వద్దా అన్నది రెండోది, అదే క్లోచర్, దానికి 60 కావాలి. ఆ 60 అనే నిబంధనను పక్కదారిన తొలగించాలా వద్దా అన్నది మూడోది. మొదటి రెండింటి మీదా స్పెక్టర్ గారు ఎన్నడూ తడబడలేదు. రామం గారు అడుగుతున్నది మూడోది.

ఆ మూడోది ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. సెనేట్ నిబంధనలు మార్చాలంటే చర్చను ముగించడానికే మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి. అది కుదరదు కాబట్టి నిబంధన అక్షరాన్ని ముట్టుకోరు. చర్చ ఇక చాలునని ఒకరు పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తుతారు, సభాధ్యక్ష స్థానంలో ఉన్న చెయినీ దాన్ని ఆమోదిస్తారు, డెమొక్రాట్లు ఆ నిర్ణయంపై అప్పీలు చేస్తారు, ఆ అప్పీలును పక్కన పెట్టాలని వెంటనే ఒక తీర్మానం వస్తుంది. ఆ తీర్మానం మీద చర్చ ఉండదు, సాధారణ మెజారిటీతో నెగ్గుతుంది. నిబంధన పుస్తకంలో 60 అలాగే ఉంటుంది, ఆచరణలో 51 అవుతుంది. రిపబ్లికన్ సెనేటర్ ట్రెంట్ లాట్ పెట్టిన 'అణ్వస్త్ర మార్గం' అన్న పేరు ఇబ్బందిగా ఉండి, ఇప్పుడు రిపబ్లికన్లు దీన్నే 'రాజ్యాంగ మార్గం' అంటున్నారు.

గుంటూరు మిర్చి
మే 12, 2005, మధ్యాహ్నం 12:50

వారెన్ కమిషన్‌లో కుర్ర న్యాయవాదిగా ఉన్న రోజుల్లో, కెన్నెడీని తాకిన తూటా ఏ కోణంలో వచ్చి, ఎక్కడ దూరి, ఎక్కడ తేలి, ముందు సీటులోని గవర్నరుకు ఎలా తగిలిందో అంగుళాలతో సహా వివరించిన మనిషి ఆయన. తన ఓటు ఎటు పోతుందో మాత్రం వివరించలేకపోతున్నారు!

1999లో క్లింటన్ అభిశంసన సమయంలో దోషి అనీ అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. స్కాట్లాండ్ చట్టాన్ని తీసుకొచ్చి "రుజువు కాలేదు" అన్నారు. ఈసారి ఏ దేశపు చట్టం తెస్తారో చూడాలి.

శారద, పిట్స్‌బర్గ్
మే 12, 2005, రాత్రి 8:15

మిర్చి గారి హాస్యానికి నవ్వుకున్నాను, అయితే ఒక్క మాట. ఆయనకు హాడ్జ్‌కిన్స్ వ్యాధి ఉందని ఫిబ్రవరిలో ప్రకటించారు. కీమోథెరపీ తీసుకుంటూ, జుట్టంతా రాలిపోయి కూడా కమిటీ సమావేశాలు నడుపుతున్నారు. టీవీలో చూసినప్పుడు బాధ వేసింది. ప్రశ్న అడుగుదాం, కానీ ఆ సంగతి మనసులో ఉంచుకుని అడుగుదాం.

మొన్న ఆదివారం పెన్ హిల్స్‌లో మన వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినప్పుడు, కింద భోజనశాలలో పులిహోర కోసం వరుసలో నిలబడి ఈ విషయమే ఎత్తాను. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "అమ్మా, జడ్జీల గొడవ మనకెందుకు? మన పిల్లల చదువు, మన గ్రీన్ కార్డు, అంతవరకే మనది" అన్నారు. ఆయన గ్రీన్ కార్డు అన్నారు కాబట్టే నాకు జవాబు దొరికింది. వలస కేసుల్లో అప్పీళ్లు వినే ప్రభుత్వ బోర్డు కాదన్నాక మనిషి వెళ్లవలసింది అప్పీళ్ల కోర్టుకే. 2002లో బోర్డు పద్ధతులు మార్చి, చాలా కేసులను ఒక్క సభ్యుడే ఒకటి రెండు వాక్యాలతో ముగించవచ్చునన్నాక, ఆ కోర్టులకు వచ్చే వలస కేసులు విపరీతంగా పెరిగాయి. నిన్ననే అధ్యక్షుడు సంతకం చేసిన రియల్ ఐడీ చట్టం, బహిష్కరణ ఉత్తర్వులను జిల్లా కోర్టుల్లో సవాలు చేసే దారి మూసేసి, అప్పీళ్ల కోర్టు ఒక్కదాన్నే మిగిల్చింది. సుప్రీంకోర్టు ఏడాదికి వినేది వంద కేసులకన్నా తక్కువ. మన పెన్సిల్వేనియా కేసులు ఫిలడెల్ఫియాలోని మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో తేలితే చాలావరకు అక్కడే తేలినట్టు. అలాంటి కుర్చీల్లో జీవితకాలం కూర్చునేవారిని 51 మంది చాలునంటూ పంపాలా, 60 మంది ఒప్పుకోవాలా అన్నది మన ఇంటి విషయమే.

పెద్దాయన అంతా విని, "అయితే నువ్వు రాయమ్మా, నేను సంతకం పెడతాను" అన్నారు. పులిహోర అయిపోయింది, అది వేరే సంగతి.

ఇంకా ఓటు లేనివాడు
మే 13, 2005, సాయంత్రం 6:30

నేను హెచ్-1బీ మీద ఉన్నాను, ఓటు లేదు, కాబట్టి సలహా ఇచ్చే అర్హత ఉందో లేదో తెలియదు. అయినా చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది.

మన దేశంలో పార్లమెంటు సభ్యుణ్ని "ఫలానా తీర్మానం మీద మీ ఓటు ఎటు?" అని ఎవరూ అడగరు. అడిగినా ప్రయోజనం లేదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్ జారీ చేస్తే అటే ఓటు వేయాలి, లేకపోతే సభ్యత్వమే పోతుంది. ఇక న్యాయమూర్తుల నియామకంలో రాజ్యసభకు పాత్రే లేదు, 1993 తీర్పు తర్వాత అంతా కొలీజియమే చూసుకుంటుంది. ఇక్కడ సెనేటర్‌కు అలాంటి బంధం లేదు. పార్టీ కోపగించుకోవచ్చు, కమిటీ పదవి పోవచ్చు, కానీ సీటు పోదు. అంటే తన ఓటు నిజంగా తనదే. స్పెక్టర్ గారు సభ్యులను అంతరాత్మకు వదిలేయమని నాయకులను అడుగుతున్నారంటే, ఎవరూ కట్టని తాడును విప్పమని అడుగుతున్నట్టు నాకు అనిపిస్తోంది. ఆయనను ఆపుతున్నది ఎవరు?

కృష్ణాతీరం
మే 13, 2005, రాత్రి 9:10

ఓటు లేని తమ్ముడు చట్టం సంగతి సరిగా చెప్పాడు, రాజకీయం సంగతి వదిలేశాడు. సీటు పోదనడం తేలికే. పార్టీ అభ్యర్థిని తేల్చే నిరుటి ప్రైమరీలో సొంత పార్టీ ప్రత్యర్థి పాట్ టూమీ చేతిలో స్పెక్టర్ గారు ఓడిపోవలసిన మనిషి. పది లక్షలకు పైగా పోలైన ఓట్లలో పదిహేడు వేల పైచిలుకు తేడాతో బయటపడ్డారు. అదీ అధ్యక్షుడు బుష్, సెనేటర్ శాంటోరమ్ వెనక నిలబడ్డారు కాబట్టి. ఆ రుణం తాడు కాదా?

ఆయన చెప్పకపోవడాన్ని మీరంతా తప్పించుకోవడం అంటున్నారు, నేను బేరం అంటాను. ఈ క్షణాన ఆయన "నేను ఫ్రిస్ట్ వైపు" అంటే, రాజీ పడవలసిన అవసరం ఫ్రిస్ట్‌కు ఉండదు. "నేను అటు కాదు" అంటే, డెమొక్రాట్లకు ఆ అవసరం ఉండదు. తేల్చకుండా ఉన్నంతకాలమే రెండు పక్షాలూ ఆయన గది తలుపు తడతాయి. మన ఊళ్లలో భూతగాదా తీర్చే పెద్దమనిషి, పంచాయితీ ముగియకుండానే గట్టు ఎవరిదో తనకు తెలుసునని చెబుతాడా?

డెమొక్రాట్లు అమాయకులని కూడా అనుకోకండి. బుష్ ప్రతిపాదించిన మిగెల్ ఎస్ట్రాడాను ఏడుసార్లు క్లోచర్ ఓటింగులో ఆపి, చివరికి 2003 సెప్టెంబరులో ఆయనే విసిగి తప్పుకొనేలా చేశారు. ఓవెన్ పేరు మొదటిసారి పంపింది 2001 మే 9న. నాలుగేళ్లు దాటింది.

న్యాయవాదిని కాను
మే 14, 2005, ఉదయం 10:20

పెద్దమనిషి పోలిక బాగుంది, కానీ ఆ పెద్దమనిషికి ఆ పంచాయితీలో ఓటు ఉండదు. స్పెక్టర్ గారికి ఉంది. తీర్పరి స్థానంలోనూ కక్షిదారు స్థానంలోనూ ఒకేసారి కూర్చోవడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

నాలుగేళ్లు అన్నారు కాబట్టి అటువైపు లెక్కా చూద్దాం. మిషిగన్ నుంచి ఆరో సర్క్యూట్‌కు క్లింటన్ 1997లో పంపిన హెలెన్ వైట్ పేరు, ఆయన పదవి దిగేదాకా కమిటీలో విచారణకు కూడా నోచుకోలేదు. అప్పుడు ఫిలిబస్టర్ అవసరం పడలేదు, కమిటీ తలుపు మూస్తే సరిపోయింది. అందుకు ప్రతీకారంగానే మిషిగన్ డెమొక్రాట్లు ఇప్పుడు బుష్ అభ్యర్థులు సాడ్, గ్రిఫిన్, మెక్‌కీగ్‌లను ఆపారు. రెండు పక్షాలదీ తప్పేనని స్పెక్టర్ గారు అంటున్నది ఈ లెక్క చూసే. ఆ మాట అనే రిపబ్లికన్లు తక్కువ, దానికి ఆయనను గౌరవిస్తాను.

నేను ఫిలిబస్టరుకు భక్తురాలిని కాను. 1957లో సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పౌరహక్కుల బిల్లును ఆపాలని 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిన ఆయుధం ఇదే. 1964 బిల్లు మీద క్లోచర్ 71-29 తేడాతో నెగ్గడానికి నెలల తరబడి పోరాడవలసి వచ్చింది. న్యాయమూర్తులపై ఫిలిబస్టర్ ఎన్నడూ లేదన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. 1968లో ఏబ్ ఫోర్టాస్‌ను ప్రధాన న్యాయమూర్తిగా చేయాలని జాన్సన్ ప్రతిపాదిస్తే, అక్టోబర్ 1న క్లోచరుకు 45-43 మాత్రమే వచ్చి ఆ పేరు ఆగిపోయింది. నన్ను కలవరపెడుతున్నది మార్చే పద్ధతి. 1917లో మూడింట రెండు వంతులుగా మొదలై, 1975లో అయిదింట మూడు వంతులకు తగ్గిన నిబంధనను మళ్లీ తగ్గించాలనుకుంటే తగ్గించవచ్చు. కానీ నిబంధన ఉన్నా లేనట్టే అని సభాధ్యక్ష స్థానం నుంచి చెప్పించడం ఒకసారి మొదలైతే, రేపు డెమొక్రాట్ల చేతికి సభ వచ్చినప్పుడు వాళ్లు మాత్రం ఎందుకు ఊరుకుంటారు?

పేరు చెప్పని రాష్ట్రం
మే 14, 2005, రాత్రి 11:30

మా రాష్ట్రం పేరు గానీ మా సెనేటర్ పేరు గానీ చెప్పను. నాలుగు వారాల కిందట ఇదే ప్రశ్న ఈమెయిలులో అడిగాను. నిన్న జవాబు వచ్చింది. "న్యాయవ్యవస్థ ప్రాముఖ్యం గురించి మీ ఆలోచనలు పంచుకున్నందుకు ధన్యవాదాలు" అని మొదలై, రాజ్యాంగంలో సలహా, సమ్మతి అన్న పదాలు ఎక్కడ ఉన్నాయో వివరించి, నా అభిప్రాయాన్ని దృష్టిలో ఉంచుకుంటానని ముగిసింది. నా అభిప్రాయం ఏమిటో నేను అందులో రాయనే లేదు, ఆయన అభిప్రాయం ఏమిటని మాత్రమే అడిగాను.

అందుకని రామం గారికి ఒక సలహా. లేఖలో మీ వాదన ఏమీ రాయకండి. మీరు అటో ఇటో మొగ్గితే, ఆ వర్గం వారికి పంపే అచ్చు జవాబు మీకూ వస్తుంది. ఒకే ఒక్క ప్రశ్న, అవును లేదా కాదు అన్న జవాబు తప్ప మరొకటి ఇమడని ప్రశ్న అడగండి.

రామం, మాంట్‌గోమరీ కౌంటీ
మే 16, 2005, రాత్రి 10:05

సలహాలన్నీ చదివి ముసాయిదా తయారు చేశాను. ఇంగ్లీషులో పంపబోయే దాని సారం ఇది:

"అయ్యా, నేను మీ ఓటరును. తమరు ఏ అభ్యర్థిని బలపరుస్తారని నేను అడగడం లేదు. క్లోచరుకు ఎలా ఓటు వేస్తారనీ అడగడం లేదు, అది తెలుసు. న్యాయమూర్తుల నామినేషన్లపై చర్చను సాధారణ మెజారిటీతో ముగించవచ్చునని సభాధ్యక్ష స్థానం ప్రకటించి, దానిపై అప్పీలు వచ్చి, ఆ అప్పీలును పక్కన పెట్టాలన్న తీర్మానం ఓటుకు వస్తే, తమరి ఓటు అవునా, కాదా? ఇంకా నిర్ణయించుకోకపోతే, ఏ విషయం తేలితే నిర్ణయించుకుంటారో దయచేసి తెలియజేయగలరు."

చివరి వాక్యం కృష్ణాతీరం గారి కోసం చేర్చాను. బేరం కోసమే ఆగితే ఆగవచ్చు, అయితే ఆ బేరం ఏమిటో ఓటరుకు తెలియాలి. రేపు తపాలాలో వేస్తాను.

న్యాయవాదిని కాను
మే 16, 2005, రాత్రి 10:40

తపాలా వద్దు. 2001 ఆంత్రాక్స్ ఘటన తర్వాత కాపిటల్‌కు వెళ్లే ఉత్తరాలను రేడియేషనుతో శుద్ధి చేసి గానీ ఇవ్వడం లేదు. వారాలు పడుతుంది. కాగితం పచ్చబడి పెళుసెక్కుతుందట కూడా. ఓటింగు వచ్చే వారమే కావచ్చు, ఫ్యాక్స్ చేయండి. లేకపోతే రాష్ట్రంలోనే ఉన్న ఆయన కార్యాలయాలలో ఒకదానికి చేతికి ఇచ్చి రండి.

కాలువ గట్టు, న్యూజెర్సీ
మే 17, 2005, మధ్యాహ్నం 1:15

పెన్సిల్వేనియా వాణ్ని కాకపోయినా కళ్లారా చూసినది చెప్పాలనిపించింది. ఏప్రిల్ చివరి వారంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు మరో ఫిలిబస్టర్ మొదలుపెట్టారు. ఫ్రిస్ట్ గారు చదువుకున్న చోటే, ఫ్రిస్ట్ కుటుంబం పేరు మీదున్న విద్యార్థి భవనం ముందు, ఒకరి తర్వాత ఒకరు రాత్రింబవళ్లు ఆగకుండా మాట్లాడారు. నేను వెళ్లిన సాయంత్రం చినుకులు పడుతున్నాయి. ఒక కుర్రవాడు గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, లెక్కల పుస్తకంలోని ఉదాహరణలు వరసగా చదువుతున్నాడు. వినేవాళ్లు నలుగురు, అందులో ఒకరు తర్వాత మాట్లాడవలసిన అమ్మాయి. ఎవరినో ఒప్పించడానికి కాదు, ఊరికే ఆపకుండా ఉండడానికి మాట్లాడడం ఎంత అలుపో అప్పుడు అర్థమయింది. సెనేట్‌లో ఇప్పుడు ఆ అలుపు కూడా లేదు. మాట్లాడతామని బెదిరిస్తే చాలు, 60 లేవని పక్కన పెట్టేస్తున్నారు. 2003 నవంబరులో మంచాలు వేయించి రాత్రంతా మాట్లాడిన వేడుకను జరిపింది రిపబ్లికన్లే.

గుంటూరు మిర్చి
మే 20, 2005, ఉదయం 8:00

స్పష్టత కావాలి, స్పష్టత కావాలి అని పది రోజులుగా అంటున్నాం కదా, నిన్న మన రెండో సెనేటర్ శాంటోరమ్ గారు కావలసినంత ఇచ్చారు. నిబంధనను తామే ఉల్లంఘించి, తర్వాత రిపబ్లికన్లను తప్పుపడుతున్న డెమొక్రాట్ల తీరును, 1942లో పారిస్‌లో కూర్చుని "ఈ ఊరు నాది, నా ఊరి మీద బాంబులు వేస్తారా" అని హిట్లర్ అడగడంతో పోల్చారు. తర్వాత అది పొరపాటని సర్దుకున్నారు లెండి. ఆయన ఓటు ఎటో మనలో ఎవరికీ సందేహం లేదు. స్పెక్టర్ గారి నసుగుడు మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

రామం, మాంట్‌గోమరీ కౌంటీ
మే 20, 2005, రాత్రి 9:30

మిర్చి గారూ, దురుసుతనానికి విరుగుడు దాపరికం కాదు. మెక్కెయిన్ గారు ఎవరినీ తిట్టకుండానే తేల్చి చెప్పారు. మొన్న 18న ఓవెన్ పేరు సభలో చర్చకు వచ్చింది, వచ్చే మంగళవారం క్లోచర్ ఓటింగు అంటున్నారు. ఇంకా నాలుగు రోజులు. కమిటీ అధ్యక్షుడి ఓటు తెలియకుండానే ఆ రోజు వచ్చేస్తుందేమోనని నా దిగులు.

శారద, పిట్స్‌బర్గ్
మే 23, 2005, రాత్రి 8:20

అందరూ టీవీ పెట్టండి! రాజీ కుదిరింది. ఏడుగురు రిపబ్లికన్లు, ఏడుగురు డెమొక్రాట్లు కలిసి సంతకాలు చేశారు. మెక్కెయిన్, జాన్ వార్నర్, లిండ్సే గ్రాహమ్, డివైన్, స్నో, కాలిన్స్, చేఫీ ఇటు. బెన్ నెల్సన్, బర్డ్, లీబర్‌మన్, ఇనౌయె, లాండ్రూ, మార్క్ ప్రయర్, సలజార్ అటు. ఓవెన్, బ్రౌన్, విలియం ప్రయర్‌లకు క్లోచర్ ఓటు వేస్తారట. మయర్స్, సాడ్ విషయంలో హామీ లేదు. ఇకపై 'అసాధారణ పరిస్థితులలో' తప్ప డెమొక్రాట్లు ఫిలిబస్టర్ చేయరు, రిపబ్లికన్లు నిబంధన జోలికి పోరు.

జాబితా రెండుసార్లు చదివాను. స్పెక్టర్ గారి పేరు లేదు.

కృష్ణాతీరం
మే 23, 2005, రాత్రి 9:45

మా పార్టీలో చాలామంది ఈ రాత్రి ఫ్రిస్ట్ గారికి వెన్నుపోటు జరిగిందంటారు. ముగ్గురికి దారి దొరికింది కాబట్టి నేను సగం సంతోషంగా ఉన్నాను. స్పెక్టర్ గారి పేరు లేకపోవడం నాకు వింతగా లేదు. కమిటీ అధ్యక్షుడు సంతకం పెడితే, అది ఒక వర్గపు పత్రం అయిపోతుంది. రేపు ఆయన అందరితోనూ పని చేయాలి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బేరం కోసం ఆగారని నేను వాదించాను. బేరం కుదిరింది, ఆయన బల్ల దగ్గర మాత్రం కాదు.

న్యాయవాదిని కాను
మే 25, 2005, సాయంత్రం 6:10

నిన్న క్లోచర్ 81-18, ఇవాళ ఓవెన్ నియామకం 55-43. నాలుగేళ్లు నిలిచిన పేరు రెండు రోజుల్లో ఒడ్డు చేరింది.

'అసాధారణ పరిస్థితులు' అంటే ఏమిటో ఒప్పందంలో నిర్వచనం లేదు. ఎవరికి వారే తమ విచక్షణ మేరకు నిర్ణయించుకుంటారని ఉంది. పత్రాలు రాసేవారు ఇష్టం లేని చోట ఇలాంటి మాట పెడతారు. గొడవ ఆ మాట కిందకు చేరి, మళ్లీ లేచేదాకా అక్కడే ఉంటుంది.

ఇంకా ఓటు లేనివాడు
మే 25, 2005, రాత్రి 7:00

రామం అన్నయ్యా, మీ లేఖకు జవాబు వచ్చిందా?

రామం, మాంట్‌గోమరీ కౌంటీ
జూన్ 10, 2005, రాత్రి 10:15

ఆలస్యానికి మన్నించండి. తమ్ముడూ, నిజం చెప్పాలి: ఆ లేఖ నేను పంపనే లేదు. ఫ్యాక్స్ చేద్దామని ఒక రోజు, స్వయంగా ఇద్దామని ఒక రోజు, అచ్చు తప్పులు దిద్దుదామని ఒక రోజు గడిపాను. 37 సెంట్ల బిళ్ల అంటించిన కవరు నా కారు డాష్‌బోర్డు అరలోనే ఉంది. మే 23 రాత్రి శారద గారు వార్త చెప్పేసరికి దానికి పని లేకుండా పోయింది. స్పెక్టర్ గారు తేల్చలేదని నెల రోజులు ఇక్కడ నిష్ఠూరాలాడిన నేను, ఒక కవరు డబ్బాలో వేయడం తేల్చుకోలేకపోయాను. మిర్చి గారు దీని మీద ఏమంటారో ఊహించగలను.

మొన్న బ్రౌన్ 56-43, నిన్న విలియం ప్రయర్ 53-45 తేడాలతో నెగ్గారు. నిన్ననే మిషిగన్‌కు చెందిన గ్రిఫిన్ 95-0, మెక్‌కీగ్ 96-0. ఈ చివరి రెండు అంకెలు చూసి చాలాసేపు కూర్చుండిపోయాను. నిరుడు ఫిలిబస్టరుతో ఆపిన ఇద్దరికి వ్యతిరేకంగా నిన్న ఒక్క ఓటు కూడా లేదు. అప్పుడైనా ఇప్పుడైనా ఆ ఇద్దరి అర్హత మీద పోరాటం జరగలేదన్నమాట.

ఆ తీర్మానం ఓటుకు రాలేదు కాబట్టి స్పెక్టర్ గారి ఓటు ఎటో మనకు తెలియలేదు. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ గారికి థైరాయిడ్ క్యాన్సర్ అని నిరుడు అక్టోబరులోనే ప్రకటించారు. సుప్రీంకోర్టులో ఖాళీ ఎప్పుడైనా రావచ్చునని అంతా అంటున్నారు. అది వస్తే విచారణ నడిపేది మన సెనేటరే. అందుకని ఈ సాయంత్రం పాత కవరు చింపి, లేఖలో ఒక వాక్యం మార్చాను: "సుప్రీంకోర్టు నామినీ విషయంలో డెమొక్రాట్లు పరిస్థితి అసాధారణమని ఫిలిబస్టరుకు దిగి, పద్నాలుగు మంది ఒప్పందం చెడి, ఆ తీర్మానమే మళ్లీ ఓటుకు వస్తే, తమరి ఓటు అవునా, కాదా?"

శారద గారూ, గుడిలో ఆ పెద్దాయన సంతకం పెడతానన్నారు కదా. శనివారం పిట్స్‌బర్గ్ వస్తున్నాను, కాగితం తెస్తాను. ఈసారి ఫ్యాక్స్ చేసి, రసీదు కాగితం మీదున్న సమయం ఇక్కడ రాస్తాను.